వేడి మన నేల కిందది... రూల్స్ ఎవరు రాయాలి?

మణుగూరు వైపు తిరిగినోళ్లకి పగిడేరు తెలుసు. ఎన్నో ఏళ్ల కింద, బొగ్గు ఎంత లోతులో ఉందో చూడ్డానికి ఆ ప్రాంతంలో బోర్లు వేశారు. ఒక బోరులోంచి వేడినీళ్లు పైకి తన్నుకొచ్చాయి. మోటారు పెట్టలేదు, కరెంటు ఇవ్వలేదు. నీళ్లు వాటంతట అవే వచ్చాయి. జనం ఆ నీళ్లతో స్నానాలు చేశారు, చల్లారబెట్టి పొలాలకి పారించుకున్నారు. మన తెలుగు పక్కింటోళ్లు ఏరు అంటే వాగు అనుకుంటారు. మన కోయ మాటలో ఏరు అంటే నీళ్లే. నీళ్లు ఎట్లా వచ్చినా, వేడిగా వచ్చినా చల్లగా వచ్చినా, మనకది ఏరే.

ఇప్పుడు ఆ వేడికి ఇంకో పేరొచ్చింది. జియోథర్మల్ ఎనర్జీ. తెలుగులో భూతాప విద్యుత్తు అంటున్నారు. పగిడేరు దగ్గర సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. 2022లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దేశంలో 381 వేడినీటి ఊటల్ని లెక్కగట్టి ఒక అట్లాస్ వేసింది. దేశం మొత్తం మీద 10,600 మెగావాట్ల దాకా భూతాప విద్యుత్తుకి అవకాశం ఉందని అంచనా. భూతాపం ఉన్న ప్రాంతాల జాబితాలో మన గోదావరి లోయ కూడా ఉంది. 2025లో కేంద్రం జాతీయ భూతాప ఇంధన విధానం ప్రకటించింది.

ఇదంతా చదివి మీలో కొంతమంది అనుకుంటారు, "20 కిలోవాట్ల కోసం ఇంత వ్యాసమా?" అని. న్యాయమైన ప్రశ్నే. 20 కిలోవాట్లంటే ఎంత? ఐదు హార్స్‌పవర్ మోటార్లు ఓ ఐదు నడుస్తాయి, అంతే. అదే మణుగూరు దగ్గరున్న భద్రాద్రి థర్మల్ ప్లాంటు 1,080 మెగావాట్లది. అంటే పగిడేరు ప్లాంటు కన్నా 54,000 రెట్లు పెద్దది. ఆ లెక్కన ఇది చీమంత.

చీమంత ఉన్నప్పుడే మాట్లాడాలి అనే ఈ వ్యాసం రాస్తున్నా. మనం ఎప్పుడూ చేసే తప్పు ఒకటుంది. జేసీబీ ఊళ్లోకి వచ్చాక లేస్తాం. అప్పటికి సర్వే అయిపోయి ఉంటుంది, లీజు అయిపోయి ఉంటుంది, ఫైలు హైదరాబాద్ వెళ్లి సంతకాలతో తిరిగొచ్చి ఉంటుంది. మనం రోడ్డు మీద కూర్చుంటే మన మీద కేసులు. రూల్స్ రాసే రోజు మాత్రం మనలో ఒక్కడూ ఆ గదిలో ఉండడు. భూతాపం విషయంలో రూల్స్ ఇంకా గట్టిగా రాయలేదు. గది తలుపు ఇంకా తెరిచే ఉంది. నా బాధంతా ఆ తలుపు గురించే.

ముందు ఆ వేడి సంగతి తెలుసుకుందాం

నేల లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. మామూలుగా కిలోమీటరుకి 25 నుంచి 30 డిగ్రీలు. మన గోదావరి లోయ భూమి పగిలి కుంగిన పాత పగులు లోయ. బొగ్గు పొరలు ఏర్పడిందీ అందులోనే. వాన నీరు ఆ పగుళ్లలోంచి లోతుకి దిగి, వేడెక్కి, దారి దొరికిన చోట పైకి వస్తుంది. మన దగ్గర అగ్నిపర్వతం ఏమీ లేదు. లోతు, పగుళ్లు, నీళ్లు, ఈ మూడూ కలిస్తే వేడి ఊట.

ఇలాంటి మధ్యస్థ వేడి నీళ్లతో నేరుగా టర్బైన్ తిరగదు. తక్కువ వేడికే మరిగే ఇంకో ద్రవాన్ని ఈ నీళ్లతో వేడి చేస్తారు. ఆ ద్రవం ఆవిరై టర్బైన్‌ని తిప్పుతుంది. తర్వాత నీళ్లని మళ్లీ భూమిలోకే పంపాలి. ఈ "మళ్లీ భూమిలోకే" అన్న మాట గుర్తు పెట్టుకోండి. పద్ధతిగా చేస్తే ఇది బొగ్గు కన్నా చాలా నయం. ఓపెన్‌కాస్ట్ గుంత ఉండదు, బూడిద చెరువు ఉండదు, పొగ గొట్టం ఉండదు. నేను భూతాపానికి వ్యతిరేకిని కాదని ముందే చెప్తున్నా. బొగ్గు దుమ్ము పీల్చి పెరిగిన ఏ పిల్లవాడూ అంత తేలిగ్గా వ్యతిరేకి కాలేడు.

కానీ పద్ధతి తప్పితే మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి, నీళ్లు తోడేసి తిరిగి పంపకపోతే లోపలి ఒత్తిడి పడిపోతుంది. చుట్టుపక్కల ఊటలు ఎండుతాయి. రెండు, లోతు నుంచి వచ్చే నీళ్లలో ఫ్లోరైడ్, బోరాన్, ఆర్సెనిక్ లాంటివి ఉండొచ్చు. వాగులో కలిస్తే చేపకీ, పశువుకీ, పంటకీ చేటు. మూడు, ఎక్కువ తోడితే నేల కుంగుతుంది.

మన దేశంలోనే ఒక పాఠం ఉంది. లడాఖ్‌లో పుగా లోయ. చాంగ్‌పా పశుపోషకులు మేకలు, యాక్‌లు మేపుకునే చోటు. 2021లో ఓఎన్‌జీసీ అక్కడ ఒక మెగావాట్ ప్లాంటు కోసం ఒప్పందం చేసుకుంది. 2022 ఆగస్టులో బోరు తవ్వుతుండగా లోపలి ద్రవం పొంగి పుగా వాగులో కలిసింది. ఒక మెగావాట్ కూడా ఉత్పత్తి కాకముందే, తవ్వే దశలోనే ఇది జరిగింది. కాబట్టి "ఇంకా ప్లాంటు రాలేదు కదా, ఇప్పుడే ఎందుకు అనుమతి" అనే మాట చెల్లదు. ప్రమాదం అన్వేషణ బోరుతోనే మొదలవుతుంది. అనుమతి అడగాల్సింది కూడా అక్కడే.

రోటోరువా వాళ్లు ఏం చేశారు?

ఇప్పుడు మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్తా. న్యూజిలాండ్‌లో రోటోరువా అనే ఊరుంది. మనలాగే ఆ నేలకి మొదటి బిడ్డలు మావోరీలు. రోటోరువాలో తే అరావా తెగ వాళ్లది తరతరాల నివాసం. అక్కడ వాకరెవరెవా అనే గూడెంలో జనం ఇప్పటికీ వేడి ఊటల్లో వంట చేస్తారు, అందరూ కలిసి వాడుకునే వేడినీటి తొట్లలో స్నానం చేస్తారు. ఆ గూడెం పక్కనే పోహుతు అనే గీజర్, అంటే వేడినీళ్లు ఆగి ఆగి ఆకాశానికి చిమ్మే ఊట.

1953లో న్యూజిలాండ్ ప్రభుత్వం భూతాప ఇంధన చట్టం చేసింది. భూమిలోని వేడిని తీసే, వాడే హక్కు మొత్తం ప్రభుత్వానిదే అంది. మావోరీల్ని అడిగారా అంటే, మన దగ్గర అటవీ చట్టాలు చేసినప్పుడు మన తాతల్ని అడిగినట్టే. ఆ తర్వాత రోటోరువా పట్టణంలో ఇళ్లకీ, హోటళ్లకీ బోర్ల మీద బోర్లు పడ్డాయి. గీజర్లు నీరసపడ్డాయి. పాపాకురా అనే గీజర్ 1979లో పూర్తిగా ఆగిపోయింది. వైరాకీలో 1958లో పెద్ద ప్లాంటు మొదలైంది. దాని పక్కన గీజర్ల లోయే చచ్చిపోయింది. కొన్ని చోట్ల నేల పది మీటర్లకు పైగా కుంగింది.

1986లో ప్రభుత్వం కళ్లు తెరిచింది. పోహుతు గీజర్ చుట్టూ కిలోమీటరున్నర లోపల ఉన్న బోర్లన్నీ మూసేయమంది. వందకు పైగా బోర్లు మూతపడ్డాయి. మిగతా వాళ్ల మీద రాయల్టీ వేసింది. జనం గొడవ చేశారు. ఏళ్లుగా చలికాలం ఇల్లు వెచ్చగా ఉంచిన బోరుని ఒక్కసారిగా మూయమంటే ఎవరికైనా కోపమే. కానీ భూమి లోపల నీటి మట్టం మెల్లగా పెరిగింది. గీజర్లు తేరుకున్నాయి. పాపాకురా మళ్లీ చిమ్మింది, 2015లో. 36 ఏళ్లు పట్టింది. ఈ అంకె మన ఊళ్లలో చెప్పండి. రూల్ ఆలస్యమైతే ఊట కోలుకోడానికి ఒక తరం పడుతుందని చెప్పండి.

1991లో వాళ్లు వనరుల నిర్వహణ చట్టం చేశారు. అందులో ఒక మాట నాకు చాలా నచ్చింది. ఆ ప్రాంతపు మావోరీలు తమ ఆచారం ప్రకారం, తమ సమూహం మేలు కోసం, పర్యావరణానికి చెడు చేయకుండా వేడినీళ్లు వాడుకుంటే దానికి అనుమతి అక్కర్లేదు. అంటే వంటా, స్నానమూ, పూజా ముందు. లైసెన్సుల వ్యవహారం దాని తర్వాత. 1993లో వైతాంగి ట్రిబ్యునల్, అంటే మావోరీల ఒప్పంద హక్కుల్ని విచారించే సంస్థ, తే అరావా వాళ్ల భూతాప హక్కుల మీద ఒక నివేదికే ఇచ్చింది. 1999లో రోటోరువా ప్రాంతానికి ప్రత్యేకంగా భూతాప ప్రణాళిక అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఒకే రూలు కాదు, ఆ ఒక్క ప్రాంతానికి సొంత రూల్స్. ఎక్కడ బోరు వేయకూడదు, తీసిన నీళ్లు ఎక్కడ తిరిగి పంపాలి అన్నీ అందులోనివే. ఈ మధ్య ఆ రూల్స్‌ని మళ్లీ ముందేసుకుని, అక్కడి తెగలతో, ఊరి జనంతో కూర్చుని సమీక్షించే పని పెట్టుకున్నారు.

ఇంకొకటి. మోకాయ్ అనే చోట టువారోపాకి ట్రస్టు ఉంది. మావోరీ భూమి యజమానులది. వంద మెగావాట్లకు పైబడిన భూతాప ప్లాంటు వాళ్లది. మిగిలే వేడితో గ్రీన్‌హౌసుల్లో పంటలు పండిస్తున్నారు. మూలవాసులకి ఇచ్చేది పరిహారమో వాచ్‌మెన్ ఉద్యోగమో అనుకునేవాళ్లకి ఈ పేరు చెప్పండి.

మావోరీలకి అన్నీ దక్కాయని నేను అనట్లేదు. వేడి మీద యాజమాన్యం ఎవరిదనే గొడవ అక్కడా తెగలేదు. కానీ ఒక తేడా గమనించండి. వాళ్ల దగ్గర "రూల్" అనేది పైనుంచి దిగే కాగితం మాత్రమే కాదు. ఊరు కూర్చుని మార్చగలిగిన కాగితం.

మన దగ్గర చట్టం లేదా? ఉంది, కానీ...

మన చేతిలో ఏమీ లేదనుకోకండి. చాలానే ఉంది. ఐదో షెడ్యూల్ ఉంది. 1/70 ఉంది. 1997 సమతా తీర్పు ఉంది. అనంతగిరి, బొర్రా కొండల్లో గనుల మీద పోరాడి తెచ్చుకున్న తీర్పది. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమైనా సరే గిరిజనేతర ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీళ్లకీ, బడికీ, వైద్యానికీ పక్కన పెట్టాలంది. 1996 పీసా చట్టం ఉంది. 2011లో మనకి పీసా రూల్స్ వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం అడవినీ, నీటి వనరుల్నీ కాపాడే అధికారం గ్రామసభది. 2013లో నియమగిరిలో 12 గ్రామసభలు కూర్చుని, పన్నెండుకి పన్నెండూ వద్దంటే, అంత పెద్ద బాక్సైట్ గని ఆగింది.

మరి ఇబ్బంది ఎక్కడ? భూతాపం ఈ చట్టాల సందుల్లోంచి జారిపోతుంది. చూడండి.

పీసాలో భూసేకరణకి ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి అని ఉంది. కానీ పాత బోరే వాడుకుంటే, ప్రభుత్వ సంస్థ భూమిలోనే ప్లాంటు పెడితే, సేకరణ ఎక్కడుంది? చిన్న ఖనిజాల లీజుకి ముందు సిఫారసు తప్పనిసరి అని ఉంది. వేడి చిన్న ఖనిజమా? ఎవరూ అలా రాయలేదు. చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలది అని ఉంది. చెరువంటే అర్థమవుతుంది. మరి కిలోమీటరు లోతున ఉన్న వేడినీళ్లు? వాల్టా చట్టం 2002లో వచ్చింది. బోర్లని అదుపు చేస్తుంది. కానీ అది తాగునీరు, సాగునీరు ఆలోచనతో రాసింది. ఒత్తిడి, ఉష్ణోగ్రత, తిరిగి భూమిలోకి పంపడం దాని తలలో లేవు. ఖనిజం కాదంటే జిల్లా ఖనిజ నిధికి పైసా కూడా రాదు.

జాతీయ విధానం అనేది చట్టం కాదు, దారి చూపే కాగితం. నేల రాష్ట్రానిది, నీళ్లు రాష్ట్రానివి. ఎవరికి అనుమతి, ఏ షరతు మీద, ఎన్నేళ్లు అనే అసలు రూల్స్ రాష్ట్రాల దగ్గరే తేలాలి. అందుకే అంటున్నా, పీసా రూల్స్‌నీ, వాల్టా రూల్స్‌నీ భూతాపం కోణంలో సమీక్షించండి, ఆ సమీక్ష సచివాలయంలో కాదు, గూడేల్లో మొదలుపెట్టండి అని.

సభ అంటే ఏ సభ?

ఇక్కడ ఒక చేదు మాట. గ్రామసభ అడగ్గానే సరిపోదు. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు మా ఊళ్లో ఒక పని కోసం సభ పెట్టారు. ఏ ఆఫీసో పేరు రాయను. తీర్మానం టైపు చేసుకుని తెచ్చారు. రెండు లైన్లు చదివారు, అదీ ఇంగ్లిషు మాటలు కలిపి. మా పెద్దమ్మ లేచి, "ఏం రాసిండ్రు బాబూ అందులో?" అని అడిగింది. "మీకు మంచిదే అమ్మా, వేలిముద్ర వెయ్యి" అన్నారు. ఆమె వేసింది. నేనూ సంతకం పెట్టా. చదువుకున్నోణ్ణి, కాగితం అడిగి తీసుకుని చదవాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు. ఇవాళ ఇది రాస్తున్నానంటే ఆ సంతకం ఇంకా గుచ్చుకుంటోంది కాబట్టే.

కాబట్టి తప్పు వాళ్లదే అని తప్పించుకోవద్దు. మనలో డిగ్రీలు చేసినోళ్లున్నారు, పీజీలు చేసినోళ్లున్నారు, లా చదివేవాళ్లున్నారు. ఊరికి వచ్చిన కాగితాన్ని కోయలో, తెలుగులో చదివి వినిపించే పని మనది. ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఉన్నామని బాధపడతాం కదా, ఇది ఉద్యోగం కన్నా ముందు పని.

మనం అడగాల్సినవి

నేను ఒక్కణ్ణి తేల్చేసే విషయం కాదు ఇది. మీ గూడెంలో పెట్టండి, పెద్దల్ని అడగండి, తీసేయండి, కలపండి. నాకు తోచినవి ఇవి.

ఒకటి. షెడ్యూల్డ్ ఏరియాలో భూతాపం కోసం సర్వే బోరు వేయాలన్నా, పాత బోరుని వాడాలన్నా ఆవాసం స్థాయి గ్రామసభ ఒప్పుకోలు ఉండాలి. పంచాయతీ కేంద్రంలో పెట్టే సభ చాలదు. పీసా చట్టమే గూడేన్ని, ఆవాసాన్ని ఊరుగా గుర్తించింది. అటవీ హక్కుల రూల్స్‌లో ఉన్నట్టు సగం మంది హాజరు, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఇక్కడా ఉండాలి. నీళ్లు మోసేది వాళ్లే కదా.

రెండు. సభకి నెల ముందే సమాచారం ఊరికి రావాలి. బోరు లోతెంత, వేడెంత, రోజుకి ఎన్ని లీటర్లు తీస్తారు, నీళ్లలో ఏమేం ఉన్నాయి, తిరిగి ఎక్కడికి పంపుతారు. తెలుగులో రాసి, కోయలో చెప్పి.

మూడు. స్నానం, సాగు, వేల్పుల కొలుపు లాంటి అలవాటు వాడకానికి ముందు వాటా. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని రూల్‌లోనే రాయాలి. రోటోరువాలో రాయగలిగింది ఇక్కడ రాయలేమా?

నాలుగు. తీసిన నీళ్లు తిరిగి భూమిలోకే పంపాలి. వాగులోకి వదలడం నేరం కావాలి. ఊటల చుట్టూ ఇంత దూరంలో బోరు వేయకూడదని గీత గీయాలి. ఊట తగ్గినా, నీళ్ల రంగు, వాసన మారినా పనిని ఆపించే అధికారం గ్రామసభకి ఉండాలి. ముందు ఆపాలి, తర్వాత విచారణ.

ఐదు. కొలతలు తీసేవాళ్లు మన పిల్లలై ఉండాలి. థర్మామీటర్ పట్టుకోడానికి, ప్రవాహం కొలవడానికి, నీటి నమూనా తీయడానికి డిగ్రీ చదివిన ఆదివాసీ యువతకి శిక్షణ ఇవ్వొచ్చు. ఆ లెక్కలు పంచాయతీ గోడ మీద నెలనెలా అంటించాలి.

ఆరు. లాభంలో వాటా. సమతా తీర్పులోని 20 శాతాన్ని కింది మెట్టుగా పెట్టుకుని మాట్లాడాలి. ఆదివాసీ సహకార సంఘాలకి యాజమాన్యంలో చోటు ఉండాలి. ముందుగా మన గూడేలకీ, హాస్టళ్లకీ, పంట ఆరబెట్టే యంత్రాలకీ ఆ వేడి అందాలి. కరెంటు తీగ నెత్తి మీంచి పోతుంటే కింద చీకట్లో కూర్చునే రోజులు చాలు.

ఏడు. ఇది మర్చిపోకండి. భద్రాచలం పక్కన గుండాల దగ్గర గోదావరి ఒడ్డున ఇసుకలో గుంత తవ్వితే వేడినీళ్లు వస్తాయి. 2014లో పోలవరం ముంపు పేరుతో మండలాల్ని కలిపినప్పుడు ఆ గుండాల ఆంధ్రకి వెళ్లింది. పగిడేరు తెలంగాణలో ఉంది. నేల కింది పగుళ్లకి రాష్ట్రం తెలియదు, రిజర్వేషన్ కోటా తెలియదు, సరిహద్దు చెక్‌పోస్టు తెలియదు. మన చుట్టరికాలకీ తెలియదు. పెళ్లిళ్లు అటూ ఇటూ చేసుకుంటూనే ఉన్నాం. కాబట్టి గోదావరి లోయ మొత్తానికి రెండు రాష్ట్రాలూ కలిసి ఒకే రూల్స్ పెట్టాలి. అటు తోడితే ఇటు ఎండకూడదు.

ఎనిమిది. ఏ రూలూ శాశ్వతం కాదు. ప్రతి ఐదేళ్లకీ గ్రామసభల ముందు పెట్టి సమీక్షించాలి అని రూల్‌లోనే రాయాలి. భూమి లోపల ఏం జరుగుతుందో మొదటి రోజు ఎవరికీ పూర్తిగా తెలియదు, ఇంజనీర్లకి కూడా. తెలిసేకొద్దీ మార్చుకునే వీలుండాలి.

"వీళ్లు ప్రతిదానికీ అడ్డమే" అంటే

అంటారు. కాలేజీలో నాతో చదివిన మిత్రులే అన్నారు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే. మణుగూరు ప్రాంతం ఈ దేశానికి బొగ్గు ఇచ్చింది. అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం ఉంది. వెయ్యి మెగావాట్ల ప్లాంటు ఉంది. ఇంత ఇచ్చిన నేల అడ్డం పడిందని ఎట్లా అంటారు? మేం అడుగుతున్నది ఈసారి ఇచ్చేటప్పుడు షరతులు మేం కూడా రాస్తాం అని. ఇల్లు అద్దెకిచ్చేవాడు కూడా అగ్రిమెంటు చదువుకుని సంతకం పెడతాడు. అందులో అభివృద్ధికి అడ్డమేముంది?

పైగా ఇది కంపెనీకీ మంచిదే. రోటోరువాలో రూల్ ముందే ఉంటే 1986లో వంద బోర్లు మూసే అగత్యం వచ్చేది కాదు. ఊరు ఒప్పుకున్న బోరు ఊరు కాపాడే బోరు.

ఇంకో మాట. 2007లో ఐక్యరాజ్యసమితిలో మూలవాసుల హక్కుల ప్రకటన వచ్చింది. ముందుగా చెప్పి, బలవంతం లేకుండా, ఒప్పుకోలు తీసుకోవాలి అని అందులో ఉంది. ఆ రోజు న్యూజిలాండ్ వ్యతిరేకంగా ఓటేసింది, 2010లో గానీ దారికి రాలేదు. భారతదేశం మొదటి రోజే అనుకూలంగా ఓటేసింది. న్యూయార్క్‌లో ఎత్తిన చెయ్యి పగిడేరులో కూడా ఎత్తమని అడగడం తప్పా?

రేపటి నుంచి ఏం చేద్దాం

పెద్ద పెద్ద పనులు చెప్పను. మీ చుట్టుపక్కల ఉన్న వేడి ఊటలు, వేడినీళ్ల బోర్లు అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఎక్కడ, ఎప్పట్నుంచి, ఎవరు వాడుతున్నారు, ఏ పేరుతో పిలుస్తారు. ముసలోళ్లని అడగండి, వాళ్లు పోతే ఆ పేర్లు కూడా పోతాయి. నెలకొకసారి వేడి కొలవండి. బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి, అదే ప్రవాహం లెక్క. ఫోటో తీసి తేదీ వేయండి. రేపు ఊట తగ్గిందని మనం అంటే "రుజువేంటి" అంటారు. రుజువు ఇవాళ నుంచే రాయాలి, తగ్గాక రాస్తే పనికిరాదు.

తర్వాత వచ్చే గ్రామసభలో ఇదొక ఎజెండా పెట్టించండి. "భూతాపం మీద రూల్స్ చేసే ముందు, ఉన్న రూల్స్ మార్చే ముందు మా గ్రామసభని సంప్రదించాలి" అని ఒక్క తీర్మానం. మినిట్స్ పుస్తకంలో ఎక్కిందో లేదో మీరే చూడండి, ఫోటో తీసుకోండి. కాపీలు ఐటీడీఏ పీవోకి, కలెక్టర్‌కి, రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థకి, గిరిజన సలహా మండలికి, గవర్నర్‌కి పంపండి. ఐదో షెడ్యూల్‌లో మన ప్రాంతాలకి ప్రత్యేకంగా రెగ్యులేషన్ చేసే అధికారం గవర్నర్‌ది. ఆ అధికారం అల్మారాలో దుమ్ము పట్టింది, మనమే దులపాలి. లా చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సమాచార హక్కు కింద అడగండి. మన మండలాల్లో భూతాపం కోసం ఎన్ని బోర్లకి దరఖాస్తులున్నాయి, నీటి పరీక్షల ఫలితాలేంటి అని. పది రూపాయల పని.

భూమి పండుగ చేయనిదే మన పెద్దలు విత్తనం వేయరు. నేలని గీరే ముందు నేలని అడగాలి, ఊరిని కూర్చోబెట్టాలి అనేది మన పాత రూలు. ఏ గెజిట్‌లోనూ అచ్చు కాలేదు, కానీ తరాలుగా తప్పలేదు. రెండు వేళ్ల లోతు విత్తనానికే అంత అడిగే జనం, కిలోమీటరు లోతు బోరుకి అడగమంటే ఎక్కువ అడిగినట్టా?

జల్, జంగల్, జమీన్ అని కొమరం భీం మనకి మూడు మాటలు ఇచ్చిపోయాడు. ఆ జమీన్ కింద ఉన్న వేడి కూడా ఆ మూడో మాటలోదే. దాన్ని ఎట్లా వాడాలో రాసే కాగితం మీద ఈసారి ముందే రాసుకొచ్చిన తీర్మానం కింద వేలిముద్ర వేయొద్దు. తీర్మానమే మనం రాద్దాం.

మావ నాటె మావ రాజ్!
జై ఆదివాసీ!